మే 24 తర్వాత కూడా లాక్‌డౌన్ పొడిగించాలా? బెంగళూరులో ఉన్నవాళ్ళు చెప్పండి

కర్రీపాయింట్_మారతహళ్ళి (మే 20, 2021)
మే 10న మొదలైన లాక్‌డౌన్ 24 పొద్దున 6 గంటలకు అయిపోవాలి. జూన్ దాకా పొడిగిస్తారని టీవీల్లో ఒకటే మోత. నాకు అర్థం కాని సంగతి ఒకటుంది. సరుకులు పొద్దున 6 నుంచి 10 లోపే కొనుక్కోమన్నారు. రోజంతా విడివిడిగా వచ్చే జనం ఆ నాలుగు గంటల్లో ఒకేసారి వచ్చి పడుతున్నారు. తొమ్మిదిన్నరకి మా వీధిలో కిరాణా కొట్టు ముందు చూడండి, తిరునాళ్ళే. దీనివల్ల కరోనా తగ్గుతుందా, పెరుగుతుందా?

నాది కర్రీ పాయింట్. పార్సిల్‌కి పర్మిషన్ ఉంది, కాదనను. కొనేవాడేడీ? నా గిరాకీ అంతా పీజీల్లో ఉండే పిల్లలు. ఏప్రిల్ 26న 'క్లోజ్ డౌన్' (ఈ లాక్‌డౌన్‌కి ముందు పెట్టిన ఆంక్షలు) అని చెప్పగానే సగం మంది సంచులు సర్దుకున్నారు. మిగిలినవాళ్ళు బయటికొస్తే లాఠీ దెబ్బలు తినాలని గది దాటడం లేదు. షాపు అద్దె ఆగదు, వంట మాస్టర్ జీతం ఆగదు. నిన్న ముఖ్యమంత్రి యడియూరప్ప 1250 కోట్ల ప్యాకేజీ ప్రకటించారు. ఆటో, క్యాబ్ డ్రైవర్లకు 3000, భవన కార్మికులకు 3000, సెలూన్, టైలర్, మెకానిక్ లాంటి వాళ్ళకు 2000, వీధి వ్యాపారులకు 2000. మంచిదే. కానీ హోటళ్ళలో గిన్నెలు కడిగేవాళ్ళ పేరు అందులో నాకు కనబడలేదు.

పొడిగించాలి అనేవాళ్ళు కారణం చెప్పండి. తిట్లు వద్దు.

నైట్‌షిఫ్ట్_నర్స్
కారణం నేను చెప్తాను. ఏప్రిల్ ఆఖరి వారంలో మా ఆసుపత్రి గేటు దగ్గర ఒక్క రాత్రి నిలబడి ఉంటే మీరు ఈ ప్రశ్న అడిగేవారు కాదు. బి.యు. నంబరు (బెడ్ కోసం పేషెంటుకు ఇచ్చే నంబరు) వచ్చిందా, బెడ్ల హెల్ప్‌లైన్ 1912కి లైన్ కలిసిందా, ఆక్సిజన్ ఎన్ని గంటలకు సరిపోతుంది, ఇవి తప్ప వేరే మాట లేదు. పేషెంటును కార్లోనే కూర్చోబెట్టి సిలిండర్ పెట్టిన రోజులున్నాయి. మే 2 రాత్రి చామరాజనగర్‌లో ఆక్సిజన్ అందక 24 మంది పోయారు. అది ఇక్కడికి గంటల్లో వెళ్ళి వచ్చేంత దూరం.

ఇప్పుడు అంబులెన్సుల వరస తగ్గింది. ఐసీయూ మాత్రం ఖాళీ కాలేదు. వెంటిలేటర్ దాకా వెళ్ళినవాళ్ళు వారాల తరబడి ఉంటారు, ఆ మంచం అంత త్వరగా ఇంకొకరికి రాదు. కేసులు తగ్గాయి కదా అని 24న తలుపులు బార్లా తీస్తే కొత్తవాళ్ళను ఎక్కడ పెట్టాలి?

వర్క్_ఫ్రమ్_తెనాలి
సిస్టర్ చెప్పింది నూటికి నూరు శాతం కరెక్ట్. జూన్ ఆఖరు దాకా పొడిగించినా తప్పులేదు. ప్రాణం కంటే వ్యాపారం ఎక్కువా?

బీటీఎం_బ్యాచిలర్
తెనాలిలో అమ్మ చేతి పప్పన్నం తింటూ జూన్ ఆఖరు దాకా అంటున్నాడు సార్ మనోడు 😂 మాకిక్కడ పీజీలో మే నెల అద్దె మొత్తం కట్టమంటున్నారు. పెట్టేది మాత్రం ఒక పూటే.

అనంతపురం_క్యాబ్
నెల జీతం పడేవాళ్ళకు లాక్‌డౌన్ ఒక రకం, మాకు ఇంకో రకం. పోయినేడు మారటోరియం అని కొన్ని నెలలు ఈఎంఐ ఆపుకోనిచ్చారు. ఈసారి అదీ లేదు. మే 5న రిజర్వ్ బ్యాంకు చిన్న అప్పులకు రీస్ట్రక్చరింగ్ (వాయిదాలు మార్చి కట్టుకోవడం) అంది. మా ఫైనాన్స్ వాళ్ళను అడిగితే ముందు ఈ నెలది కట్టు, తర్వాత మాట్లాడదాం అంటారు. ఎయిర్‌పోర్టు ట్రిప్పులు ఒకటీ అరా. 3000తో నా కారు ఈఎంఐలో పావు వంతు కూడా తీరదు. అదీ పోయినేడు 5000 ప్రకటించారు, ఈ ఏడు తగ్గించారు. జబ్బు పెరిగింది, సాయం తరిగింది.

వర్క్_ఫ్రమ్_తెనాలి
@బీటీఎం_బ్యాచిలర్ నేను టెస్టు చేయించుకుని నెగెటివ్ వచ్చాకే ఊరికి వచ్చాను. మా ఆఫీసు ఇంటి నుంచి పని చేయమంది, అది నా తప్పా?

కోలారు_సుబ్బన్న
నువ్వు చేయించుకున్నావు నాయనా, సంతోషం. 26, 27 తేదీల్లో మెజెస్టిక్‌లో, కళాసిపాళ్యంలో బస్సులు పట్టుకుని వేలాడినవాళ్ళందరూ చేయించుకున్నారా? పొద్దున ప్రకటించి, మర్నాడు రాత్రి 9కి మూసేస్తామంటే ఎవరైనా ఏం చేస్తారు? అందరూ ఒకేసారి పోయారు. ఇప్పుడు చూడండి, బెంగళూరులో తగ్గుతుంటే తుమకూరు, హాసన్, మైసూరు, బళ్ళారి జిల్లాల్లో పెరుగుతున్నాయి. మా కోలారు పల్లెల్లో కూడా ఇంటికొకరు జ్వరం అంటున్నారు.

నేను పుట్టింది ఇక్కడే, అన్ని లాక్‌డౌన్లూ చూశాను. పోయినేడు జూలై 14 రాత్రి నుంచి 22 దాకా ఒక్క బెంగళూరుకే వేశారు. ఏమయింది? తీసేశాక కేసులు పెరుగుతూ పెరుగుతూ అక్టోబరు దాకా పోయాయి. అప్పుడు ఇదే యడియూరప్ప ఇక లాక్‌డౌన్ ఉండదన్నారు. ఆ వారంలో పడకలు పెంచారా, ఆక్సిజన్ ప్లాంట్లు పెట్టారా? ఆ మధ్య నెలలన్నీ ఏం చేశారు? నా కోపం అక్కడ.

ఎక్సెల్_రావు
కోపతాపాలు పక్కన పెట్టి తేదీలు చూద్దాం.

క్లోజ్ డౌన్ ఏప్రిల్ 27 రాత్రి మొదలైంది. రాష్ట్రంలో కేసులు అన్నిటికంటే ఎక్కువ వచ్చింది మే 5న, 50,112. అందులో బెంగళూరు ఒక్కటే 23,106. వైరస్ అంటాక లక్షణాలు కనబడటానికి సగటున ఐదారు రోజులు. టెస్టుకి వెళ్ళడానికి ఒకటి రెండు. ఈ రద్దీలో రిపోర్టు రావడానికి ఇంకో రెండు. అంటే మే 5న లెక్కలోకి ఎక్కినవాళ్ళలో చాలామందికి క్లోజ్ డౌన్ మొదలయ్యే ముందో, ఆ ఒకటి రెండు రోజుల్లోనో అంటి ఉండాలి. అక్కడి నుంచి దిగుతోంది కాబట్టి, ఆ దిగడం మొదలైనప్పటికి మే 10 లాక్‌డౌన్ ఇంకా రానే లేదు.

మరి క్లోజ్ డౌన్ వల్ల తగ్గిందా? కావచ్చు. అప్పటికే జనం హడలిపోయి ఇళ్ళలోంచి కదలకపోవడం వల్లా కావచ్చు. సుబ్బన్న గారు చెప్పినట్టు ఊరు సగం ఖాళీ అయినందువల్లా కావచ్చు. ఈ మూడింటినీ విడదీసే లెక్క నా దగ్గరే కాదు, టీవీలో మాట్లాడేవాళ్ళ దగ్గర కూడా లేదు.

ఇంకో సంగతి. టెస్టులు ఏప్రిల్ ఆఖర్లో చేసినన్ని ఇప్పుడు చేయడం లేదు. అందుకని ఉత్త కేసుల సంఖ్య చూసి మురిసిపోకండి. వంద టెస్టులకు ఎన్ని పాజిటివ్ అనేది చూడండి. అది ఇంకా 20 పైనే ఉంది. 5 లోపు వస్తే అదుపులోకి వచ్చినట్టని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క.

బీటీఎం_బ్యాచిలర్
రావు గారు, అంటే పొడిగించాలా వద్దా? ఒక్క ముక్కలో.

ఎక్సెల్_రావు
20 మీద ఉండగా మొత్తం తెరవకూడదు. కానీ 6–10 రూలు పనికిమాలినది. ఒక్క ముక్కలో అడిగితే రెండు ముక్కలు చెప్పాల్సి వచ్చింది.

నైట్‌షిఫ్ట్_నర్స్
@ఎక్సెల్_రావు మే 10కి ముందే దిగడం మొదలైంది అన్నారు. సరే. దిగడం మొదలైనా ఆక్సిజన్ అవసరం అప్పటికి ఇంకా పెరుగుతూనే ఉంది కదా. జ్వరం వచ్చిన వారం పది రోజులకు గానీ ఊపిరి అందని పరిస్థితి రాదు. మే 5న రాష్ట్రానికి రోజుకు 1200 టన్నులు ఇవ్వాలని హైకోర్టు కేంద్రానికి చెప్పింది. కేంద్రం సుప్రీంకోర్టుకు వెళ్తే అక్కడా హైకోర్టు మాటే నిలిచింది. మే 11న జంషెడ్‌పూర్ వైపు నుంచి వచ్చిన మొదటి ఆక్సిజన్ రైలు వైట్‌ఫీల్డ్‌లో దిగింది, 120 టన్నులు. అది వచ్చిందన్న రోజు మా డ్యూటీ డాక్టర్ కుర్చీలో కూర్చుని నిద్రపోయాడు. కేసుల గీత మీరు చూస్తారు. మేం చూసేది దాని వెనక నడిచి వచ్చే గీతను. అందుకే రెండు వారాలు అంటున్నాను.

కర్రీపాయింట్_మారతహళ్ళి
అక్కా, మీ కష్టం నేను కాదనడం లేదు. మీ వార్డులో నిండే మంచాల బాధ ఎవరికైనా తెలుస్తుంది. నా దగ్గర పనిచేసే ముగ్గురికీ కూడా ఇళ్ళు, పిల్లలు ఉన్నారు. వాళ్ళ బాధ ఏ బులెటిన్‌లోనూ రాదు. రోజూ సాయంత్రం కేసులెన్నో చెప్తారు. పని పోయినవాళ్ళు ఎంతమందో ఎవరన్నా చెప్తున్నారా?

బేల్దారి_మేస్త్రి
భవన కార్మికులకు 3000 అన్నారు కదా, దాని సంగతి చెప్తాను. కార్మిక సంక్షేమ బోర్డులో పేరు నమోదై ఉంటేనే. నా కింద పనిచేసేవాళ్ళు మడకశిర, రాయదుర్గం, కళ్యాణదుర్గం వైపు వాళ్ళు. ఆధార్ అక్కడిది, రేషన్ కార్డు అక్కడిది, పని ఇక్కడ. కార్డు చేయించుకోండ్రా అంటే 90 రోజులు పనిచేసినట్టు ఎవరు రాసిస్తారు మేస్త్రీ అంటారు. బిల్డరు రాసివ్వడు, సబ్ కాంట్రాక్టరు అసలే రాసివ్వడు.

కూలీలు సైటులోనే ఉంటే పని చేసుకోవచ్చని రూలు. అందుకని రేకుల షెడ్లలో కుక్కి ఉంచారు. ఒక్కో షెడ్డులో పది పన్నెండు మంది. ఒకడికి వస్తే అందరికీ వస్తుంది. ఇంట్లో ఉండండి, దూరం పాటించండి అని ఫోన్ చేసినప్పుడల్లా ట్యూన్ వస్తుంది. ఆ షెడ్లో ఎక్కడి దూరం?

పోయినేడు మే మొదట్లో ఊళ్ళకు పోయే రైళ్ళు రద్దు చేశారు గుర్తుందా? బిల్డర్లతో ముఖ్యమంత్రి మీటింగు అయ్యాక. దేశమంతా తిట్టాక మళ్ళీ వేశారు. అందుకే ఈసారి మావాళ్ళు ప్రకటన రాగానే దొరికిన బండెక్కి పోయారు. సుబ్బన్నా, వాళ్ళు భయపడింది జబ్బుకి కాదు, మళ్ళీ ఇక్కడే ఇరుక్కుపోతామని.

కోలారు_సుబ్బన్న
వాళ్ళను నేనేమీ అనలేదు మేస్త్రీ. నాలుగు రోజులు ముందు చెప్పి, బస్సులు పెంచి పంపాల్సిందని నా మాట. దానికి తోడు ఏప్రిల్ 7 నుంచి 21 దాకా ఆర్టీసీ స్ట్రైకు. ఉగాదికి పోవాల్సినవాళ్ళు పోలేదు, వాళ్ళూ ఈ గుంపులో కలిశారు.

చెన్నపట్నం_వాసి
మా దగ్గర సంగతి కూడా వినండి. తమిళనాడులోనూ మే 10 నుంచే పూర్తి లాక్‌డౌన్. స్టాలిన్ మే 7న ప్రమాణం చేసి ఆ రోజే సంతకాలు పెట్టారు. బియ్యం కార్డున్న కుటుంబానికి 4000, అందులో 2000 ఈ నెలే. రేషన్ షాపులో టోకెను తీసుకుని డబ్బు చేతికి తీసుకోవడమే. నీ పనేంటి, ఏ బోర్డులో ఉన్నావు అని అడగరు. ఆ రోజే ఆడవాళ్ళకు సిటీ బస్సు ఫ్రీ అని కూడా సంతకం పెట్టారు. 8 నుంచి ఫ్రీ, 10 నుంచి బస్సులే లేవు. మా ఆవిడ ఇంకా ఆ ఫ్రీ టికెట్ కోసం ఎదురుచూస్తోంది.

కేసులైతే తగ్గలేదు, ఇక్కడ ఇంకా ఎక్కుతూనే ఉన్నాయి. జనం 10 దాకా కొట్లు తెరిచి ఉన్నాయని ఊరంతా తిరుగుతున్నారు.

అనంతపురం_క్యాబ్
చూశారా, డబ్బులిచ్చే పద్ధతి అది. కార్డు ఉందా, తీసుకో. మనకేమో సేవా సింధులో (కర్ణాటక ప్రభుత్వ వెబ్‌సైటు) అప్లై చేయాలి, బ్యాడ్జ్ నంబరు ఎక్కించాలి, ఓటీపీ రావాలి, సర్వర్ పనిచేయాలి.

నైట్‌షిఫ్ట్_నర్స్
ఆ 2000 తీసుకోవడానికి రేషన్ షాపు ముందు ఎంత క్యూ ఉందో వాసి గారు చెప్పలేదు.

చెన్నపట్నం_వాసి
ఉంది సిస్టర్, దాచను. రోజుకు ఇంతమందే అని టోకెన్లిచ్చారు గానీ మనవాళ్ళు ముందే పోయి నిలబడతారు.

ఆంధ్రా_బార్డర్
మా ఆంధ్రాలో మే 5 నుంచి మధ్యాహ్నం 12 నుంచి పొద్దున 6 దాకా కర్ఫ్యూ. 6 గంటల టైము ఉంది కాబట్టి బెంగళూరంత తోపులాట లేదు. కానీ తెలంగాణ బార్డర్లో పోలీసులు అంబులెన్సులు ఆపారు చూడండి, అది మాత్రం ఘోరం. అక్కడి హైకోర్టు చివాట్లు పెడితే గానీ కదల్లేదు. పేషెంటుకు రాష్ట్రమేంటండీ?

సర్జాపుర_సాంబశివ
అసలు ఇదంతా ఎన్నికల ర్యాలీల వల్ల వచ్చింది. ఏప్రిల్ 20న ప్రధాని లాక్‌డౌన్ ఆఖరి అస్త్రం అని చెప్పి చేతులు దులుపుకున్నారు. రాష్ట్రాల మీదకు తోసేశారు. వీళ్ళకు ఓటేసిన వాళ్ళు ఇప్పుడు

మోడరేటర్
@సర్జాపుర_సాంబశివ మిగతాది తీసేశాను. నిర్ణయాలను విమర్శించండి, అభ్యంతరం లేదు. ఓటేసినవాళ్ళను తిట్టడం వద్దు.

సర్జాపుర_సాంబశివ
ఇక్కడ కూడా లాక్‌డౌనేనా!

బీటీఎం_బ్యాచిలర్
😂😂 6 నుంచి 10 దాకా తిట్టుకోవచ్చు అన్నా.

తోపుడుబండి_ఫ్యాన్
6–10 గురించి ఒక మాట. కూరగాయల తోపుడుబండ్లకు సాయంత్రం 6 దాకా పర్మిషన్ ఉంది, చాలామందికి తెలియదు. మా అపార్ట్‌మెంటులో గేటు దగ్గరికే బండి రప్పించుకుంటున్నాం. ఒక్కో బ్లాకుకు ఒక్కో టైము. నేను మార్కెట్ మొహం చూసి చాలా రోజులైంది. ప్రభుత్వం చేయాల్సింది ఇదే, కొట్టు దగ్గరికి మనిషిని రప్పించే బదులు మనిషి దగ్గరికి బండిని పంపడం.

కర్రీపాయింట్_మారతహళ్ళి
మీ అపార్ట్‌మెంటుకు గేటుంది, బ్లాకులున్నాయి, వాట్సాప్ గ్రూపుంది. మా పక్కనున్న మున్నేకొళాల సందుల్లో ఒక్కో గదిలో ఐదుగురుంటారు. ఫ్రిజ్ లేదు, వారానికి సరిపడా కొనే డబ్బూ లేదు. ఏ రోజుది ఆ రోజే కొనాలి. ఆ సందులోకి ఏ బండి వస్తుంది?

తోపుడుబండి_ఫ్యాన్
వచ్చేలా చేయమనే నేనూ అంటున్నది. కార్పొరేషన్ వార్డుకు ఇన్ని బండ్లని పాసులిచ్చి తిప్పితే సరి. కూరగాయలు, పళ్ళు అమ్మే రైతుల సహకార సంఘం హాప్‌కామ్స్ ఉండనే ఉంది.

బీటీఎం_బ్యాచిలర్
మందు షాపులు కూడా 6 నుంచి 10 దాకే కదా. పొద్దున ఆరింటికి మా రోడ్డులో క్యూ చూసి పాల కోసం అనుకున్నా. దగ్గరికెళ్ళాక తెలిసింది అది ఏ పాలో. అంత క్రమశిక్షణగా దూరం దూరం నిలబడిన క్యూ ఈ ఊళ్ళో ఇంకెక్కడా లేదు.

వర్క్_ఫ్రమ్_తెనాలి
తాగడానికి డబ్బులుంటాయి, ఇంట్లో కూర్చోవడానికి మాత్రం ఉండవు. ఇదీ మన జనం.

బేల్దారి_మేస్త్రి
ఆ మాట మా షెడ్డు ముందుకొచ్చి చెప్పు నాయనా.

ఎక్సెల్_రావు
క్యూలో ఉన్నది ఎవరో, పస్తులున్నది ఎవరో తెలియకుండా ఇద్దర్నీ ఒకే గాట కట్టకండి. ఇందిరా క్యాంటీన్లలో ఇప్పుడు మూడు పూటలా భోజనం ఉచితంగా ఇస్తున్నారు. దగ్గర్లో ఉన్నవాళ్ళు పనివాళ్ళకు చెప్పండి.

కోలారు_సుబ్బన్న (మే 21)
వచ్చేసింది. జూన్ 7 పొద్దున 6 దాకా పొడిగింపు. ముఖ్యమంత్రి ఇప్పుడే ప్రకటించారు. రూల్స్ పాతవే, 6–10 కూడా అలాగే ఉంది.

కర్రీపాయింట్_మారతహళ్ళి
అయిపోయింది. షాపు ఓనరుకు ఫోన్ చేయాలి.

నైట్‌షిఫ్ట్_నర్స్
పొడిగించినందుకు సంతోషం, అదే 6–10 ఉంచినందుకు కాదు. ఈ విషయంలో కర్రీపాయింట్ తమ్ముడితో నేనూ ఒప్పుకుంటాను. కొట్లు సాయంత్రం దాకా తెరిచి, ఒక్కో ఇంటి నుంచి ఒక్కరే రావాలంటే ఆసుపత్రికి వచ్చే నష్టమేమీ లేదు. ఏసీ హాల్లో పెళ్ళిళ్ళు, మూసిన గదుల్లో ఆఫీసులు, వీటితోనే మాకు పేషెంట్లు వస్తున్నారు.

అనంతపురం_క్యాబ్
పొడిగించారు సరే. ప్యాకేజీ ఆ 24 దాకా లెక్కేసింది కదా. మిగతా రెండు వారాలకు ఇంకో 3000 ఇస్తారా?

ఎక్సెల్_రావు
ఆ ప్రశ్నే అడగాలి. ఎన్ని రోజులు మూస్తే అన్ని రోజులకు లెక్కగట్టి ముందే ఖాతాలో వేయాలి. మూసేది ఇవాళ, ఫారం నింపేది వచ్చే వారం, డబ్బు వచ్చేది ఎప్పుడో అంటే జనం రూలు పాటించరు, పాటించలేరు. పొడిగింపుకు నేను వ్యతిరేకిని కాదు, అరువు మీద పొడిగించడానికి వ్యతిరేకిని.

వర్క్_ఫ్రమ్_తెనాలి
డబ్బు ఎక్కడి నుంచి తెస్తారు రావు గారు? జీఎస్టీ లేదు, రిజిస్ట్రేషన్లు లేవు.

ఎక్సెల్_రావు
ప్రభుత్వం అప్పు తెచ్చుకోగలదు. క్యాబ్ తమ్ముడికి కూడా అప్పే దిక్కు, కాకపోతే అతను కట్టే వడ్డీ ఎంతో అడగండి.

అనంతపురం_క్యాబ్
నూటికి ఐదు సార్, నెలకు.

సర్జాపుర_సాంబశివ
అసలు మందు లాక్‌డౌన్ కాదు, టీకా. మే 1 నుంచి 18 దాటినవాళ్ళందరికీ అన్నారు, 14 నుంచి కర్ణాటకలో ఆపేశారు, స్టాక్ లేదని. కోవిషీల్డ్ రెండో డోసు 12 నుంచి 16 వారాలకు జరిపారు. టీకా బుక్ చేసుకునే కోవిన్ సైటులో స్లాటు కోసం నా వేళ్ళు అరిగిపోయాయి. (మోడరేటర్ గారు, ఇది విమర్శే, తిట్టు కాదు.)

మోడరేటర్
ఉంచాను.

నైట్‌షిఫ్ట్_నర్స్
మీ ఇళ్ళలో 45 దాటినవాళ్ళలో మొదటి డోసు కూడా వేయించుకోనివాళ్ళు ఎంతమందో చూడండి ముందు. మా వార్డులోకి వచ్చే చాలామందిని అడిగితే 'జ్వరం వస్తుందట కదా' అని వేయించుకోలేదంటారు.

బేల్దారి_మేస్త్రి
ఒక సాయం కావాలి. మడకశిర నుంచి ఇద్దరు తిరిగి వస్తామంటున్నారు, సైటు పని ఉంది. చెక్‌పోస్టు దగ్గర ఏం అడుగుతున్నారు ఇప్పుడు?

ఆంధ్రా_బార్డర్
కారణం, కాగితం రెండూ అడుగుతున్నారు మేస్త్రీ. బిల్డరు లెటర్‌హెడ్ మీద సైటు అడ్రసు, కూలీ పేరు రాయించి సంతకం పెట్టించండి. బైకు మీద రానివ్వకండి, మొన్న మావాళ్ళవి రెండు బళ్ళు లాక్కున్నారు.

బేల్దారి_మేస్త్రి
లెటర్ ఇస్తాడా చూడాలి. ఇస్తే ఆ కాగితంతోనే బోర్డు కార్డుకు కూడా అప్లై చేయిస్తాను, పనిచేస్తున్నట్టు వాడే రాసిచ్చినట్టవుతుంది.

అనంతపురం_క్యాబ్
మేస్త్రీ, తెలివంటే నీది. మరి నాకు చెప్పండి ఎవరైనా. కారు మా బావమరిది పేరు మీద ఉంది, తోలేది నేను, బ్యాడ్జ్ నాది. 3000 ఎవరికి వస్తుంది?

కోలారు_సుబ్బన్న
పోయినేడు తోలేవాడికే ఇచ్చారు, బ్యాడ్జ్, లైసెన్సు చూసి. బండి నంబరు కూడా ఎక్కించమన్నారు. ఒక నంబరుకు ఒక్క అప్లికేషనే. బావమరిదితో ముందే మాట్లాడుకో.

అనంతపురం_క్యాబ్
వాడితో మాట్లాడటం కంటే సర్వర్‌తో మాట్లాడటం సులభం సుబ్బన్నా.